నలభై ఒకటో బిళ్ళ

ఎర్దెనెత్‌లో రాగి గని నీడన ఒక బడి.
బయట సున్నాకి ముప్పై డిగ్రీల కింద చలి.
కోట్ల గదిలో నేను, దుల్మాని.
పిల్లలు కోటిస్తారు, నేను బిళ్ళ ఇస్తాను.
సాయంత్రం బిళ్ళ ఇస్తారు, నేను కోటిస్తాను.
పదహారేళ్ళుగా ఇదే పని.

కోట్లు నోరు విప్పవు.
జేబులు మాత్రం దాచుకోలేవు.

నలభై ఒకటి మరాల్‌ది.
అక్క వదిలిన కోటు, చేతులు రెండేసి మడతలు.
నలభై సోలొంగోది. మా భాషలో హరివిల్లు అని అర్థం.
ముప్పైతొమ్మిది నందిన్‌ది.
ముగ్గురి మఫ్లర్లూ ఒకే కొక్కేనికి.
మేం విడిపోమని గుర్తట.

నవంబరులో చూశాను,
మరాల్ మూడు సంచులు మోస్తోంది.
"పందెంలో ఓడింది" అంది సోలొంగో.
మర్నాడూ ఓడింది.
వారమంతా ఓడింది.
ఎక్కడి పందెమే అది, ఒక్కతే ఓడేది?

డిసెంబరులో ఎడమ చేతి తొడుగు పోయింది.
కిటికీ బయటి గట్టు మీద దొరికింది,
ఎవరో తడిపి పెట్టారు, కొయ్యలా బిగుసుకుంది.
సోలొంగో నవ్వింది. నందిన్ నవ్వింది.
వాళ్ళకన్నా ముందు మరాల్ నవ్వింది.

నాకు అక్కడ గుండె ఆగింది.
దెబ్బ పడకముందే మొహానికి
చెయ్యి అడ్డం పెట్టుకున్నట్టుంది
ఆ నవ్వు.

"ఊరికే, తమాషాకి, దుల్మా అవ్వా.
వాళ్ళు నా స్నేహితులు."

నాకు బోధలు రావు.
సొరుగులోంచి మా నాన్న ఆడిన
గొర్రె చీలమండ ఎముకలు తీసి బల్ల మీద పోశాను.
ఒక్కోదానికి నాలుగు ముఖాలు:
గుర్రం, ఒంటె, గొర్రె, మేక.
"వెయ్యి" అన్నాను.
మేక పడింది. మళ్ళీ మేక. మూడోసారి గుర్రం.
"చచ్చిన గొర్రె ఎముక్కే అప్పుడప్పుడు గుర్రం పడుతుంది,
మీ ఆటలో నీకెప్పుడూ మేకేనా?"

చాలాసేపు ఎముకల్ని తిప్పుతూ కూర్చుంది.
"నందిన్ ఒకసారి నా సంచి మోసింది.
సోలొంగో చూడనప్పుడు."
"చాలు అని ఎప్పుడైనా అన్నావా?"
"అనలేదు."
"ఎందుకని?"
"అంటే ముగ్గురం ఇద్దరవుతాం.
ఆ ఇద్దరిలో నేనుండను."

తొమ్మిదేళ్ళ పిల్ల వేసిన లెక్క.
తప్పని కొట్టెయ్యడానికి
నా దగ్గర సుద్దముక్క లేదు.

ఆ సాయంత్రం నందిన్ బిళ్ళ ఇస్తే
కోటు వెంటనే ఇవ్వలేదు.
నా చిన్నప్పటి మాట ఒకటి చెప్పాను,
ఎన్నడూ ఎవరికీ చెప్పనిది:
పశువులు మేపేవాళ్ళ పిల్లలం, బడి హాస్టల్లో పడుకునేవాళ్ళం.
ఒక రాత్రి పక్క మంచం పిల్ల జడ కత్తిరించారు.
కత్తెర నేను పట్టుకోలేదు.
దీపం పట్టుకున్నాను.

నందిన్ ఏమీ అనలేదు.
కోటు గుండీలు తప్పుగా పెట్టుకుని వెళ్ళిపోయింది.

గురువారం మరాల్
రెండు సంచులు నేల మీద పెట్టింది.
"చాలు" అంది. ఎంత చిన్నగా అందంటే
రేడియేటరు చప్పుడులో సగం మునిగిపోయింది.
"దీనికి తమాషా కూడా తెలీదు" అంది సోలొంగో,
తన సంచి లాక్కుని విసవిసా నడిచింది.
"రా నందిన్!"
నందిన్ మఫ్లరు చేత్తో పట్టుకుని
కొక్కేనికీ తలుపుకీ మధ్య నిలబడిపోయింది.
ఆమె ఎటు వెళ్ళిందో నేను చూడలేదు.
అరవై మంది పిల్లలు బిళ్ళలు చాపుతున్నారు.

"టీచరుకి చెబితే చాడీ అవుతుందా?" అని మరాల్ అడిగింది.
"ఒకళ్ళని ఇరికించడానికి చెబితే చాడీ.
నువ్వు బయటపడ్డానికి చెబుతున్నావు."
"నువ్వూ వస్తావా?"
గదికి తాళం వేసి వెళ్ళాను.
పదహారేళ్ళలో అదే మొదటిసారి.

సోలొంగో కోటు జేబులో ఏముంటుందో నాకు తెలుసు.
టీచరుతో ఒంటరిగా ఉన్నప్పుడు అదీ చెప్పాను.
మీకు చెప్పను. అది దాని కోటు.

ఇవాళ మఫ్లర్లు మూడు కొక్కేలకు.
చూడ్డానికి నాకే బాగోలేదు.
మరాల్ ఒక్క సంచితో వచ్చి బిళ్ళ చాపింది.
రెండు చేతులకీ తొడుగులున్నాయి,
ఒకటి ఎరుపు, ఒకటి బూడిదరంగు.
ముప్పైతొమ్మిదో కోటు తీసి చూశాను.
జేబులో బూడిదరంగు తొడుగు
ఒక్కటే ఉంది.